పూసలు ముడతపడ్డాయా? ముందు చెంబు పక్కన పెట్టండి

నర్సరీలో పనిచేసేవాళ్ళకి కొన్ని మాటలు నిద్రలో లేపి అడిగినా గుర్తుంటాయి. తీగల నిండా పూసల్లాంటి గుండ్రటి ఆకులతో వేలాడే స్ట్రింగ్ ఆఫ్ పర్ల్స్ మొక్క విషయంలో నాకు ఆ మాట ఇది: "పూసలు ముడతలు పడిపోతున్నాయండీ, రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను, అయినా ఎండిపోతోంది." చెప్పేవాళ్ళ చేతిలోంచి కుండీ అందుకోగానే సంగతి తెలిసిపోతుంది. బరువుగా ఉంటుంది, మట్టి చల్లగా చేతికి అంటుకుంటుంది. జబ్బూ, దాని కారణమూ రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

అందుకే మొదటి అపోహ మీదే ఎక్కువ రాస్తున్నాను. నేను చూసినంతలో మిగతావన్నీ కలిపినా ఇది చంపినన్ని మొక్కల్ని చంపలేదు.

అపోహ: పూస ముడతపడిందంటే నీళ్ళు కావాలని అర్థం.

వాస్తవం: పూసలోకి నీళ్ళు చేరడం లేదని మాత్రమే అర్థం. ఎందుకు చేరడం లేదో మట్టిని అడగాలి. మట్టి అడుగుదాకా ఎండిపోయి ఉంటే నిజంగానే దాహం. మట్టి తడిగా ఉండి కూడా పూసలు ముడుచుకుంటున్నాయంటే వేర్లు పోయాయన్నమాట. మొదటిదానికి మందు నీళ్ళే. రెండోదానికి ఆ నీళ్ళే విషం. పైకి రెండూ ఒకేలా కనిపించడమే అసలు చిక్కు.

వేర్లకి నీళ్ళతో పాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీల్లోంచి అవి ఆక్సిజన్ తీసుకుంటాయి. ఆ ఖాళీలు రోజుల తరబడి నీళ్ళతో నిండిపోయి ఉంటే ముందుగా పోయేవి దారాల్లాంటి సన్నటి వేర్లు. నీళ్ళు పీల్చే పని ఎక్కువగా చేసేవి అవే. ఆ తర్వాత పిథియం, ఫైటాప్తోరా లాంటి, వేర్లు కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు దిగుతాయి. వాటి బీజకణాలు నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళగలవు, తడి మట్టి దొరికితే వాటికి పండగే. వేరు లేని తీగ నీళ్ళలో మునిగి ఉన్నా దాహంతోనే చస్తుంది. పైగా ఇది సక్యులెంట్, అంటే ఒంట్లో నీళ్ళు దాచుకునే రకం మొక్క. పూసల్లో దాచుకున్న నీళ్ళు వాడుకుంటూ కొన్నాళ్ళు బండి లాగించేస్తుంది. వేర్లు చచ్చిన చాలా రోజులకి గానీ మనకి ముడత కనిపించదు. కనిపించగానే మనం చేసే పని ఇంకో చెంబు పోయడం.

ఒకసారి ఒక పెద్దావిడ కుండీని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చారు. కూతురు ఇచ్చిన మొక్కట. "నేను సరిగ్గా చూసుకోలేదని అమ్మాయి అనుకుంటుందేమో బాబూ" అని ఒకటే టెన్షన్. ఆవిడ ముందే ఒక తీగ మొదట్లో రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగాను. పైతోలు మెత్తగా, గోధుమరంగులో నా వేళ్ళకి అంటుకుని వచ్చేసింది. లోపలి సన్నటి దారం మాత్రం మట్టిలో నిలబడిపోయింది. కుళ్ళు పట్టిందనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. "అమ్మా, మీరు చూసుకోకపోవడం వల్ల కాదు, రోజూ చూసుకోవడం వల్లే ఇలా అయింది" అంటే ఆవిడ ముఖంలో బాధ పోయి కోపం వచ్చింది. రోజూ కొంచెం కొంచెం పొయ్యమని చెప్పిన వీడియో మీద కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది. తీగల చివర్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి కాబట్టి మొక్కని బతికించుకున్నాం. ఎలాగో కింద చెప్తాను.

ముందు తేడా పట్టుకోవడం నేర్చుకోండి. కుండీ ఎత్తి చూడండి. ఎండిన కుండీ బరువు ఒక్కసారి చేతికి అలవాటైతే ఇక ఏ మీటరూ అక్కర్లేదు. (ఆ మట్టి తేమ మీటర్లు గరుకు మట్టిలో సరిగ్గా చూపించవు, డబ్బు దండగ.) అనుమానంగా ఉంటే పొడి పుల్ల ఒకటి అడుగుదాకా గుచ్చి కాసేపు ఉంచి తీయండి, మట్టి అంటుకుని వస్తే తడి ఉన్నట్టే. ఆ తర్వాత పూసని నొక్కండి. దాహం వేసిన పూస కాస్త మెత్తబడుతుంది, ముడతలు పడుతుంది, కానీ పచ్చగానే ఉంటుంది. కుళ్ళు పట్టిన మొక్కలో మట్టికి దగ్గరగా ఉన్న పూసలు పసుపురంగుకి తిరిగి, గాజులా పారదర్శకంగా మారి, నొక్కితే చితికిపోతాయి. కాడ మొదలు గోధుమ రంగులోకో నలుపులోకో తిరుగుతుంది.

ప్రతి పూస మీదా ఒక సన్నటి ముదురాకుపచ్చ గీత ఉంటుంది, గమనించారా? అది వెలుతురు లోపలికి పోవడానికి ఉన్న కిటికీ. ఆకు గుండ్రంగా మారడం వల్ల గాలి తగిలే పైభాగం తగ్గి నీళ్ళు ఆవిరి కావడం తగ్గుతుంది. అదే కారణంగా ఎండ తగిలే భాగం కూడా తగ్గుతుంది కదా, ఆ లోటుని ఈ గీత కొంత పూడుస్తుంది. బాగా నీళ్ళు తాగిన పూసలో ఈ గీత వెడల్పుగా, తేటగా ఉంటుంది. దాహం పెరిగేకొద్దీ సన్నబడి మూసుకుపోతుంది. నేను నీళ్ళు పోసే ముందు చూసేది కుండీ బరువు, ఈ గీత, అంతే.

ఇంకో రకం కేసు కూడా తగులుతుంది. నీళ్ళు పోస్తారు, కింద కన్నంలోంచి వెంటనే కారిపోతాయి, పూసలు మాత్రం తేరుకోవు. పీట్ (కుళ్ళిన నాచు) ఎక్కువున్న మట్టి పూర్తిగా ఎండితే బిగుసుకుపోయి కుండీ గోడ నుంచి విడిపోతుంది. పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారిపోతాయి, వేరు దగ్గరికి చుక్క కూడా పోదు. ఇలాంటప్పుడు కుండీని ఒక తొట్టిలో సగం ఎత్తు నీళ్ళలో అరగంట కూర్చోబెట్టండి, బరువెక్కాక తీసి పూర్తిగా కారనివ్వండి. నిజంగా దాహమే అయితే రెండు మూడు రోజుల్లో పూసలు మళ్ళీ నిండుతాయి.

వేర్లు కుళ్ళిన మొక్క విషయంలో కుండీ మార్చి, మందు కొట్టి, ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. గట్టిగా, పచ్చగా ఉన్న తీగల్ని గోధుమరంగు కనిపించే చోటికి బాగా పైన కత్తిరించండి. కత్తెర శుభ్రంగా ఉండాలి. 8 నుంచి 10 సెంటీమీటర్ల ముక్కలు చాలు. కోసిన చోటు ఆరడానికి ఒకటి రెండు రోజులు నీడలో వదిలేయండి. తర్వాత కొత్త మట్టి మీద చుట్టలా పరిచి, హెయిర్‌పిన్‌తోనో, వంచిన పేపర్ క్లిప్‌తోనో కణుపులు మట్టికి తగిలేలా నొక్కిపెట్టండి. నిలువుగా గుచ్చడం కంటే ఇది మేలు. దక్షిణాఫ్రికాలో సొంత నేల మీద కూడా ఈ మొక్క వేలాడదు, నేలమీద పాకుతుంది, కణుపు తగిలిన ప్రతిచోటా వేరు వేసుకుంటూ చాపలా పరుచుకుంటుంది. మనం దానికి తెలిసిన పనే చేయిస్తున్నాం. వేర్లు పట్టేదాకా మట్టి పైపొరని కొద్దిగా తేమగా ఉంచాలి, స్ప్రే బాటిల్‌కి ఈ మొక్కతో ఉన్న పని ఇదొక్కటే. మంచి వెలుతురులో, నేరుగా ఎండ పడని చోట పెడితే రెండు నుంచి నాలుగు వారాల్లో వేర్లు దిగుతాయి. మెల్లగా లాగితే తీగ బిగుసుకుంటుంది చూడండి, అదీ గుర్తు.

అపోహ: సక్యులెంట్ కదా, వారానికి రెండు చెంచాల నీళ్ళు చాలు.

తక్కువ నీళ్ళు అంటే తక్కువ సార్లు అని అర్థం. పోసినప్పుడు మాత్రం కింద కన్నంలోంచి కారేదాకా పోయాలి, పళ్ళెంలో చేరిన నీళ్ళు పారబోయాలి, మళ్ళీ అడుగుదాకా ఎండేవరకూ కుండీ వైపు చెంబు తీసుకెళ్ళకూడదు. చెంచాలతో పోస్తే పైపొర మాత్రమే తడుస్తుంది, కింది వేర్లు ఎండి చస్తాయి. ఎన్ని రోజులకోసారి అంటే నేను చెప్పను. బాగా పెరిగే కాలంలో పది రోజులకే ఎండే కుండీ, వెలుతురు తగ్గిన చలి రోజుల్లో నెల దాకా తడి పట్టుకుని ఉండొచ్చు. అలారం పెట్టుకుని నీళ్ళు పోసేవాళ్ళ మొక్కలే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి.

అపోహ: కుండీ అడుగున గులకరాళ్ళు వేస్తే నీళ్ళు నిలవవు.

ఇది పాత నమ్మకం, పోనంటుంది. సన్నటి మట్టిలోంచి నీళ్ళు కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి అంత తేలిగ్గా దిగవు. మట్టి అడుగుభాగం పూర్తిగా నిండాకే దిగుతాయి. అంటే నీళ్ళు నిలిచే పొర కన్నం దగ్గర ఉండాల్సింది, రాళ్ళ వల్ల పైకి జరిగి వేర్లకి ఇంకా దగ్గరవుతుంది. రాళ్ళు వేయాలనిపిస్తే మట్టిలోనే కలపండి: సగం కాక్టస్ మట్టి, సగం పెర్లైట్ గానీ ప్యూమిస్ గానీ (రెండూ తేలికపాటి రాతి గుళికలే). సన్నటి ఇసుక మాత్రం వద్దు, ఉన్న ఖాళీల్ని కూడా అది పూడ్చేస్తుంది. ఇక కుండీ సంగతి. వేర్లు రెండు మూడు అంగుళాల లోతుకి మించి పోని మొక్కకి లోతైన పెద్ద కుండీ ఎందుకు? వేరు అందుకోలేని మట్టంతా తడి పట్టుకుని కూర్చుంటుంది. వెడల్పుగా, లోతు తక్కువగా, కింద కన్నం ఉన్న మట్టి కుండీ మంచిది. కన్నం లేని అందమైన గాజు గిన్నెలు దేనికైనా వాడుకోండి గానీ దీనికి వద్దు.

అపోహ: ఎడారి మొక్క, ఎండలో పెట్టేయాలి. దీనికి ఎదురు అపోహ: ఇంటి మొక్క, ఏ మూలనైనా బతుకుతుంది.

రెండూ తప్పే. సొంత నేలలో ఇది పొదల నీడలో, రాళ్ళ చాటున పాకుతుంది. ఉదయపు ఎండ ఇష్టమే, మిట్టమధ్యాహ్నపు ఎండ పూసల్ని మాడ్చేస్తుంది. చీకటి మూలలో పెడితే కణుపుల మధ్య దూరం పెరిగి, రెండు పూసల మధ్య తీగ బోసిగా సాగిపోతుంది. ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. కుండీని సీలింగ్‌కి దగ్గరగా వేలాడదీస్తారు. తీగలు కిటికీ ముందు వెలుతురులో ఉంటాయి, కుండీ నెత్తి మాత్రం కిటికీ పైఅంచు కంటే ఎత్తులో చీకట్లో ఉంటుంది. కొన్నాళ్ళకి నడినెత్తి బట్టతలవుతుంది. "జబ్బు చేసింది, మందు ఇవ్వండి" అని వస్తారు. మందు లేదండీ, గొలుసు ఇంకొంచెం పొడుగు చేయండి. మట్టి పైభాగానికి వెలుతురు తగిలితే చాలు.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తాను. రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందని బెడ్‌రూమ్ కోసం కొనేవాళ్ళు ఉన్నారు. ఎండ ప్రాంతాల సక్యులెంట్లు చాలావరకు పత్రరంధ్రాలు రాత్రి తెరిచి కార్బన్ డై ఆక్సైడ్ దాచుకుంటాయి, ఆ మాట నిజం. ఆక్సిజన్ తయారవడానికి మాత్రం వెలుతురు కావాల్సిందే. అందంగా ఉందని కొనుక్కోండి, అది చాలదా? శాస్త్రీయ నామాలు చూసి, సెనీషియో రౌలేయానస్ ఒక మొక్క, క్యూరియో రౌలేయానస్ ఇంకో మొక్క అనుకుని రెండూ తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. 1968లో మొదటి పేరు పెట్టారు, తర్వాత వర్గీకరణ మారింది, మొక్క ఒక్కటే. పొద్దుతిరుగుడు, చామంతిల కుటుంబమే. తెల్లటి చిన్న కుచ్చుల్లా పూస్తుంది, దాల్చినచెక్క వాసన వస్తుంది. కాఫీ పొడి చల్లమనే వీడియోలు చూసి చల్లకండి, తడిసి గట్టిపడి బూజు పడుతుంది. పెరిగే కాలంలో నెలకోసారి మామూలు ద్రవ ఎరువుని చెప్పిన మోతాదులో సగానికి పలచన చేసి పోస్తే సరిపోతుంది. కణుపుల దగ్గర దూదిలా తెల్లగా కనిపిస్తే పిండినల్లి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, వారానికోసారి మళ్ళీ చూస్తుండండి. రాలిన ఆకు నుంచి కొత్త మొక్క వస్తుందన్న మాట బర్రోస్ టెయిల్ అనే ఇంకో వేలాడే సక్యులెంట్‌కి నిజం, దాని ఆకులు చెయ్యి తగిలితే చాలు రాలతాయి, ఒక్కో ఆకూ మొలకెత్తుతుంది. పర్ల్స్‌లో ఒంటి పూసతో ఆశ పెట్టుకోవద్దు, కణుపున్న తీగముక్క కావాలి.

పసిపిల్లలు, పిల్లులు, కుక్కలు ఉన్న ఇళ్ళవాళ్ళకి ఒక మాట. అచ్చం బఠానీల్లా ఉంటాయి గానీ ఇవి తినేవి కావు. తింటే వాంతులు, విరేచనాలు కావచ్చు. తీగ తెగితే వచ్చే రసం చర్మానికి తగిలితే కొందరికి దురద పెడుతుంది. బిడ్డ నోట్లో పూస చూసి కంగారుగా ఫోన్ చేసే తల్లుల మీద నాకెప్పుడూ విసుగు రాదు. నోట్లో ఉన్నది తీసేసి, నీళ్ళతో కడిగి, డాక్టర్‌కి ఫోన్ చేయండి, మొక్క పేరు చెప్పండి, ఫొటో చూపించండి. పెంపుడు జంతువైతే పశువైద్యుడికి. కుండీ ఎంత ఎత్తులో ఉన్నా తీగలు మూడడుగులు కిందికి దిగుతాయి, పిల్లి వాటిని ఆటవస్తువు అనుకుంటుంది. చెయ్యో, పంజావో అందే ఎత్తుకి రాకముందే కత్తిరిస్తూ ఉండండి. ఆ ముక్కల్ని పారేయకుండా అదే కుండీ మీద చుట్టలా పరిచి నొక్కిపెడితే పైన గుబురుగా వస్తుంది.