బలాటా బంతి: 1943 ఏప్రిల్‌లో హోమ్ రన్లు ఎందుకు కరువయ్యాయి

1943 ఏప్రిల్ 21న అమెరికాలోని సిన్సినాటిలో, క్రాస్లీ ఫీల్డ్ స్టేడియంలో రెండు బేస్‌బాల్ జట్లు, ఆ ఊరి రెడ్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్, సీజన్ మొదలుపెట్టాయి. తొమ్మిది ఇన్నింగ్స్ ముగిసినా ఒక్క పరుగూ లేదు. 11వ ఇన్నింగ్స్‌లో రెడ్స్ 1-0తో గట్టెక్కింది. ఓడిన కార్డినల్స్ అంతకు ముందు ఏడాది వరల్డ్ సిరీస్, అంటే ఏటా చివర్లో జరిగే టైటిల్ పోరు, నెగ్గిన జట్టు. ఆ వరుసలో నాలుగు మ్యాచ్‌లు ఆడితే రెండు జట్లూ కలిసి చేసింది ఆరు పరుగులే. మిగతా ఊళ్లలోనూ ఇదే వరస: అగ్రశ్రేణి జట్లాడే రెండు లీగ్‌లలో తొలి 29 మ్యాచ్‌ల్లో 11 చోట్ల ఒక జట్టు సున్నాకే పరిమితమైంది.

పిచర్ల (బంతి విసిరేవాళ్ల) గొప్పతనం కొంత ఉండొచ్చు. అసలు తేడా మాత్రం బంతి లోపల ఉంది.

అప్పటి బేస్‌బాల్ నడిమధ్యన కార్క్ ఉండ, దానిమీద రెండు రబ్బరు పొరలు, వాటిపై గట్టిగా లాగి చుట్టిన రెండు వందల గజాలకు పైబడిన ఉన్ని దారం, ఆపైన నూలు, అంటుకోవడానికి రబ్బరు జిగురు, చివరికి 108 జంట కుట్లతో బిగించిన తోలు. మొత్తం బరువు 142 నుంచి 149 గ్రాములు. క్రికెట్ బంతికీ కార్క్, దారమే ఆధారం కానీ అందులో ఈ రబ్బరు పొరలు ఉండవు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఫిబ్రవరిలో సింగపూర్, మార్చిలో జావా జపాన్ చేతికి చిక్కాయి. అమెరికాకు సహజ రబ్బరు దాదాపు అంతా వచ్చేది ఆ ప్రాంతం నుంచే. టైర్లకే చాలని రబ్బరును ఆట బంతులకు వాడకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. రెండు లీగ్‌లకూ బంతులు చేసే స్పాల్డింగ్ సంస్థ ప్రత్యామ్నాయంగా బలాటాను ఎంచుకుంది. దక్షిణ అమెరికాలో ఒక చెట్టు పాల నుంచి తీసే పదార్థం ఇది. గోల్ఫ్ బంతి పైపొరకు, కేబుల్ తొడుగులకు వాడేవారు. రసాయనికంగా రబ్బరూ బలాటా ఒకే అణువుల గొలుసులు, అమరికే వేరు. ఆ అమరిక వల్ల రబ్బరు సాగుతుంది, బలాటా మామూలు వేడిలో గట్టిపడి కూర్చుంటుంది. దెబ్బకు తట్టుకుంటుంది, ఎగరదు. కొత్త బంతిలో పొడి కార్క్‌ను బలాటాతో ముద్దచేసి, చుట్టూ బలాటా పెంకులు వేశారు.

రెడ్స్ జనరల్ మేనేజర్ వారెన్ గైల్స్ వాదనలతో ఆగలేదు. పాత, కొత్త బంతులను స్టేడియం కప్పు మీంచి కిందికి వేయించాడు. 1942 బంతి 13 అడుగులు లేస్తే, బలాటా బంతి తొమ్మిదిన్నర దగ్గరే ఆగింది. ఒకే ఎత్తు నుంచి పడ్డాయి కాబట్టి ఈ ఎత్తుల నిష్పత్తే శక్తి నిష్పత్తి. అంటే తిరిగి ఇచ్చే శక్తి సుమారు 27 శాతం తగ్గింది. న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ ప్రయోగశాల లెక్క 25.9 శాతం. కప్పు మీది పరీక్షను తేలిగ్గా కొట్టిపారేయలేం.

స్పాల్డింగ్ నిందను మధ్య ఉండ మీద కాకుండా జిగురు మీద వేసింది: నాసిరకం జిగురు మెత్తగా ఉండాల్సింది పోయి ఎండి గట్టిపడిందని. ఇది సాకులా వినిపిస్తుంది గానీ అర్థం ఉంది. దారం పొరల మధ్య జిగురు బిగుసుకుపోతే, బ్యాట్ తగిలినప్పుడు నొక్కుకుపోయి తిరిగి రావాల్సిన ఉన్నికి కదలిక ఉండదు. ఈలోగా 1942 నిల్వ బంతులు బయటికి తీశారు. జిగురు మార్చిన బంతులు మే నెలలో వచ్చాక హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ లాగా మైదానం దాటే కొట్టుళ్లు) మళ్లీ కనిపించాయి. కృత్రిమ రబ్బరు చేతికందాక, 1944లో బలాటాను పూర్తిగా వదిలేశారు.

యుద్ధకాలపు అంకెలన్నిటినీ బలాటా ఖాతాలో రాసేయడం మాత్రం తప్పు. రెండు లీగ్‌లలో కలిపి హోమ్ రన్లు 1941లో 1,331, మరుసటి ఏడాది 1,071, బలాటా ఏడాదిలో 905. పెద్ద తగ్గుదల బలాటా రాకముందే జరిగింది. 1943కల్లా పేరున్న బ్యాటర్లు టెడ్ విలియమ్స్, జో డిమాజియో సైన్యంలో ఉన్నారు. మరో భారీ హిట్టర్ హ్యాంక్ గ్రీన్‌బర్గ్ 1941లోనే సైన్యంలోకి వెళ్లిపోయాడు. బంతి దోషమని నిశ్చయంగా చెప్పగలిగింది సీజన్ తొలి వారాల స్కోర్ల గురించే.