అబార్షన్ బిళ్ల కాదమ్మా: ఎమర్జెన్సీ మాత్రపై అపోహలు, వాస్తవాలు

ఆశా కార్యకర్తలకు కుటుంబ నియంత్రణపై శిక్షణ ఇవ్వడం నా పని. అత్యవసర గర్భనిరోధక మాత్ర పేదవాళ్లకూ అందాలని ఎక్కడ మాట్లాడినా ధర గురించి ఎవరూ అడగరు. "అబార్షన్ బిళ్లలు ఊరూరా పంచుతారా?" అనే అడుగుతారు.

అపోహ: ఇది అబార్షన్ బిళ్ల.
వాస్తవం: ఇందులో ఉండేది లెవోనార్జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు. అండం విడుదలను ఇది వాయిదా వేస్తుంది. అప్పటికే గర్భం నిలిచి ఉంటే దాన్ని పోగొట్టదు, బిడ్డకు హానీ చేయదు. అబార్షన్‌కు వాడే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ దీనికి పూర్తిగా వేరు. వాటికి డాక్టర్ పర్యవేక్షణ ఉండాలి, అబార్షన్లకు సంబంధించిన ఎంటీపీ చట్టం వర్తిస్తుంది. ఈ మాత్ర, అబార్షన్ బిళ్లలు ఒకటే అనుకుని, మనకెందుకొచ్చిన గొడవ అని స్టాకే పెట్టని షాపులున్నాయి. తమిళనాడులోనైతే మందుల షాపుల్లో ఇది దొరకడమే గగనం.

అపోహ: డాక్టర్ చీటీ ఉండాలి.
వాస్తవం: 2005 నుంచి మన దేశంలో చీటీ లేకుండానే అమ్ముతున్నారు. పెళ్లయిందా అని ఆరా తీసే పని షాపువాళ్లకు లేదు. ఫోన్‌లో మాత్ర పేరు టైప్ చేసుకుని, పక్కనున్న మనిషి వెళ్లేదాకా దగ్గు మందులు చూస్తున్నట్టు నిలబడే అమ్మాయిలను చూశాను. అక్కడ మాత్ర లేదని చెబితే ఇంకో షాపు, ఆ తర్వాత మరో వీధి. కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలని అందరూ చెబుతారు గానీ, ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది.

అపోహ: డబ్బున్నవాళ్ల మందు.
వాస్తవం: షాపులో ఒక్క బిళ్లకు వంద రూపాయల దాకా అవుతుంది, నిజమే. కానీ గర్భనిరోధక సాధనాలను ఇంటికే చేర్చే పథకంలో ఆశా దగ్గర ఇదే మందు ధర 2 రూపాయలు. ఆమె సంచిలో నిరోధ్ కండోమ్‌లు, మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రల పక్కనే ఇదీ ఉండాలి. చిక్కెక్కడంటే, ఎవరూ అడగరని ఆశాలు ఇండెంట్‌లో, అంటే కావాల్సిన సరుకు జాబితాలో, దీన్ని రాయరు. రాయరు కాబట్టి అడిగిన రోజు ఉండదు. "నాలుగైనా ఉంచండమ్మా, ఎక్స్‌పైరీ చూసి మార్చుకోండి" అని ప్రతి బ్యాచ్‌కూ పోరుతుంటాను.

అపోహ: వేసుకుంటే తర్వాత పిల్లలు పుట్టరు.
వాస్తవం: అబద్ధం. నెలసరి కొద్ది రోజులు అటూఇటూ అవుతుంది, అంతే. వారం దాటినా రాకపోతే పరీక్ష చేసుకోవాలి.

అపోహ: ఒక్క బిళ్లతో ఆ నెలంతా నిశ్చింత.
వాస్తవం: మళ్లీ కలిస్తే మళ్లీ రిస్కే. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే ఇంకోటి వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్, లేదా కొన్ని ఫిట్స్ మందులు వాడేవాళ్లకు దీని బలం తగ్గుతుంది. వాళ్లు డాక్టర్‌తో మాట్లాడటం మేలు. కలిసిన ఐదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే ఈ మాత్ర కంటే గట్టి రక్షణ.

అపోహ: అత్యాచారం జరిగితే ముందు పోలీసు కేసు, ఆ తర్వాతే వైద్యం.
వాస్తవం: ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా వెంటనే ఉచితంగా చికిత్స మొదలుపెట్టాలని చట్టం చెబుతోంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల ప్రకారం ఆ చికిత్సలో ఈ మాత్ర కూడా ఉంది. ఎఫ్‌ఐఆర్ కాపీ తెమ్మని వెనక్కి పంపితే, చికిత్స ఇవ్వబోమని కాగితం మీద రాసిమ్మని అడగండి.