టోపీ టెస్టు: అపోహలు - వాస్తవాలు

"సార్, టోపీ పెట్టి పాపకు తెలివి ఎంతుందో చెప్తారంట కదా?" పోయిన వారం పత్తికొండ నుంచి ఒక జేజి మనవరాలిని ఎత్తుకుని బస్సులో కర్నూలు దాకా వచ్చి అడిగింది. ఇదే ప్రశ్న నెలకు రెండు మూడుసార్లు వింటుంటాను.

అపోహ: టోపీ పెడితే బిడ్డ మెదడులో లోపం ఉందో లేదో తేలిపోతుంది.

తేలదు. ఈ టోపీ టెస్టు అసలు పేరు ఎఫ్‌నిర్స్, టోపీలోంచి తల మీద వెలుతురు వేసి మెదడులో రక్తం మార్పును చూసే పద్ధతి. దాంతో మేం చేసేది పరిశోధన. బొమ్మ చూపించినప్పుడో, మాట వినిపించినప్పుడో మెదడు పైపొరలో ఎక్కడ ఆక్సిజన్ ఉన్న రక్తం పెరుగుతోందో చూస్తాం. ఒక్క బిడ్డకు తెర మీద వచ్చే గీతలో ఏడుపు, కదలిక, నెత్తి చర్మంలోని రక్తం అన్నీ కలగలిసి ఉంటాయి. చాలామంది పిల్లల సగటు తీస్తే తప్ప నోరు విప్పలేం. 2003లో ఇటలీలో, పుట్టి అయిదు రోజులు దాటని పిల్లలకు మాటలను మామూలుగా ఒకసారి, తిరగేసి ఒకసారి వినిపించారు. మామూలు మాటలకే మెదడు ఎడమవైపు ఎక్కువ స్పందించింది. అదీ పిల్లలందరినీ కలిపి చెప్పిన మాటే. ఈ పాప చురుకు, ఆ బాబు మందం అని ఎవరూ అనలేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఆలూరు వైపు ఒక ఊళ్లో అయిదు నెలల బాబుకు టోపీ పెట్టి, ల్యాప్‌టాప్ చూస్తూ "బాగుంది, బాగుంది" అన్నాను. నేనన్నది సిగ్నల్ గురించి. తల్లి విన్నది బిడ్డ గురించి. ఆ రోజు చూపించింది బొమ్మలే, శబ్దమే లేదు! పిలిస్తే తిరగడం లేదని ఇంట్లో పెద్దామె పోరుతున్నా "మెదడు టెస్టే బాగుందన్నారు" అని ఊరుకున్నారు. ఏడాదిన్నరకు బెరా (శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే వినికిడి పరీక్ష) చేయిస్తే రెండు చెవులూ సరిగా వినబడవని తేలింది. వినికిడి లోపం మూడో నెలకల్లా కనిపెట్టి, ఆరో నెలకల్లా మిషన్ పెట్టించాలి. ఇప్పుడు తల్లుల ముందు "గీత వస్తోంది" అంటాను, అంతే.

బిడ్డ శబ్దానికి ఉలిక్కిపడకపోయినా, మాటలు ఆలస్యమైనా "వాళ్ల నాయనకూ మూడేళ్లకే వచ్చినాయి" అని కూర్చోకండి. ఆశా కార్యకర్తను అడిగితే డీఈఐసీకి (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా కనిపెట్టి చూసే జిల్లా కేంద్రానికి) దారి చెబుతుంది. మీకు టెన్షన్‌గా ఉంటుందని తెలుసు, అయినా వెళ్లండి.

అపోహ: కరెంటు పెడతారు, ఎక్స్‌రే లాంటిది.

రెండూ కావు. కరోనా రోజుల్లో వేలికి పెట్టుకున్న పల్స్ ఆక్సీమీటర్‌లో ఉండేదీ ఈ టోపీలోని లాంటి వెలుతురే. బిడ్డ తల్లి ఒడిలోనే ఉంటుంది, మత్తు ఇవ్వం.

అపోహ: మనసులో మాట చదివేస్తుంది.

నాలుగు నెలల బిడ్డ మనసులో పాలు తప్ప ఏముంటుందండీ!

అపోహ: జుట్టు బాగా ఉంటే టెస్టు బాగా వస్తుంది.

ఎవరు పుట్టించారో గానీ, ఇది పూర్తిగా తలకిందులు. నల్లటి ఒత్తు జుట్టు వెలుతురును మింగేస్తుంది. ఉరుకుంద ఈరన్న దగ్గర పుట్టువెంట్రుకలు తీయించి వచ్చిన పిల్లలంటే మాకు పండగే. ఆ రోజుకు మాడుకు ఆముదం వద్దు, టోపీ జారిపోతుంది. నుదుటి మీద దిష్టిచుక్క కూడా వద్దు, కాటుక సరిగ్గా వెలుతురు పడే చోటే అడ్డం వస్తుంది. అరికాలికి పెట్టండి.