చిన్న వ్యాపారంలో పని అప్పగింత: అపోహలు - వాస్తవాలు

చిన్న సంస్థల యజమానులతో కూర్చుని వారి రోజువారీ నిర్వహణను ఒక దారికి తీసుకురావడం నా వృత్తి. ఇందులో నాకు అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, మనుషులను పెట్టుకున్నా తమ పని తగ్గలేదన్నది. జీతాల ఖర్చు పెరిగింది, అమ్మకాలూ కొంత పెరిగాయి, అయినా యజమాని ఫోను మునుపటికంటే ఎక్కువగా మోగుతూనే ఉంటుంది. సిబ్బందికి చేతకాకపోవడమే దీనికి కారణమని చాలామంది గట్టిగా నమ్ముతారు. నేను చూసినంతలో అసలు చిక్కు చాలావరకు పని అప్పగించిన తీరులోనూ, ఆ తీరుకు మూలమైన కొన్ని నమ్మకాల్లోనూ ఉంటుంది.

అపోహ: చేతిలోని పనులను నలుగురికీ పంచేస్తే అప్పగింత పూర్తయినట్టే.

వాస్తవం: పనిని పంచి, ఆ పనిలో తలెత్తే నిర్ణయాలన్నిటినీ యజమాని తన దగ్గరే ఉంచుకుంటే భారం తగ్గకపోగా పెరుగుతుంది. కొటేషన్లు తయారుచేసే బాధ్యతను ఒక ఉద్యోగికి ఇచ్చారనుకుందాం. కస్టమర్ మరో 5 శాతం తగ్గించమని అడుగుతాడు. ఉద్యోగి లేచి యజమాని బల్ల దగ్గరకు వచ్చి, "సర్, ఇంకా తగ్గించమంటున్నారు, ఏం చేద్దాం?" అంటాడు. యజమాని అప్పటికే వేరే లెక్కల్లో తలమునకలై ఉండి, "సరే, నేను చూసి చెబుతాను" అంటాడు. ఆ ఒక్క మాటతో ఉద్యోగి నెత్తిన ఉన్న పని యజమాని నెత్తికి ఎక్కింది. సాయంత్రానికి ఉద్యోగే మళ్లీ వచ్చి, "సర్, ఆ కొటేషన్ సంగతి ఏమైంది?" అని అడుగుతాడు. అంటే పనిని గుర్తుచేసేవాడు ఉద్యోగి, చేయాల్సినవాడు యజమాని. విలియం ఆంకెన్, డొనాల్డ్ వాస్ అనే ఇద్దరు 1974లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో సరిగ్గా ఈ తారుమారునే, ఒకరి భుజం మీది నుంచి మరొకరి భుజం మీదికి దూకే కోతితో పోల్చి వివరించారు.

బాధ్యత ఉన్నచోట దానికి సరిపడా అధికారం కూడా ఉండాలని ఫ్రెంచి గనుల సంస్థను నడిపిన హెన్రీ ఫేయోల్ 1916లోనే సూత్రీకరించాడు. చిన్న సంస్థల్లో ఎక్కువగా భంగపడేది ఈ సూత్రమే. తగ్గింపు ఇచ్చే అధికారం లేని మనిషిని అమ్మకాలు ఎందుకు పెరగలేదని నిలదీయడం న్యాయం కాదు, దానివల్ల ప్రయోజనమూ ఉండదు.

దీనికి నేను ముందుగా చేయించే పని చాలా సాదాసీదాది. రెండు వారాలపాటు యజమాని దగ్గర ఒక నోటుపుస్తకం ఉంచి, ఎవరు వచ్చి ఏమి అడిగారు, తాను ఏమి చెప్పారు అన్న రెండు విషయాలను మాత్రమే రాయమంటాను. రెండు వారాల తర్వాత ఆ పేజీలు తిరగేస్తే, వచ్చిన ప్రశ్నల్లో అధికభాగం మళ్లీ మళ్లీ వచ్చినవేననీ, వాటికి యజమాని ఇచ్చిన సమాధానం దాదాపు ప్రతిసారీ ఒకటేననీ తేలుతుంది. సమాధానం మారని ప్రశ్నకు యజమాని అవసరం లేదు, ఒక నియమం ఉంటే చాలు. పైన చెప్పిన కొటేషన్ విషయంలో ఆ నియమం ఇలా ఉండవచ్చు: 10 శాతం వరకు తగ్గింపును ఉద్యోగే నిర్ణయిస్తాడు, 10 నుంచి 15 శాతం వరకైతే తానే నిర్ణయించి ఆ రోజే తెలియజేస్తాడు, 15 దాటితే ముందుగా అడుగుతాడు, అయితే అడగడానికి వచ్చేటప్పుడు తన సిఫారసు ఏమిటో, ఎందుకో రాసుకుని వస్తాడు. అంకెలు ఏ సంస్థకు ఆ సంస్థవే. చివరి షరతును మాత్రం ఎవరూ వదులుకోకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే సిఫారసుతో వచ్చే అలవాటు పడిన మనిషి కొన్ని నెలలకు అడగవలసిన అవసరమే లేకుండా నిర్ణయించగలుగుతాడు.

అపోహ: ఈ పని నాకంటే బాగా ఎవరూ చేయలేరు, కాబట్టి ఇతరులకు అప్పగిస్తే నష్టం.

వాస్తవం: మొదటి సగం చాలా సందర్భాల్లో నిజమే. సంస్థను పుట్టించిన మనిషికి అందులోని ప్రతి పనిలోనూ చేయి తిరిగి ఉంటుంది. అయినా రెండో సగం దాని నుంచి రాదు. ఎందుకు రాదో ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో దేశాల వ్యాపారం గురించి రాస్తూ లెక్క వేసి చూపించాడు. ఆయన ఉదాహరణలో ఒక పరిమాణం వస్త్రం తయారీకి ఇంగ్లండుకు ఏడాదికి 100 మంది శ్రమ, పోర్చుగల్‌కు 90 మంది శ్రమ పడుతుంది. ద్రాక్షసారాకు ఇంగ్లండుకు 120 మంది, పోర్చుగల్‌కు 80 మంది కావాలి. రెండింటిలోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినప్పటికీ పోర్చుగల్ తన శ్రమను ద్రాక్షసారా మీదే పెట్టి, వస్త్రాన్ని ఇంగ్లండు నుంచి తెచ్చుకోవడమే ఇద్దరికీ లాభమని ఆయన నిరూపించాడు.

యజమాని పరిస్థితి ఇక్కడ పోర్చుగల్‌ది. బిల్లింగ్ ఆయన వేగంగా చేస్తారు, పెద్ద కస్టమర్‌తో బేరం ఇంకా గొప్పగా చేస్తారు. బిల్లింగ్ మీద గడిపిన ప్రతి గంటా బేరానికి దక్కకుండా పోయిన గంటే. కాబట్టి వేసుకోవలసిన ప్రశ్న "వాళ్లు నా అంత బాగా చేస్తారా?" అన్నది కాదు, "ఆ గంటను నేను మరెక్కడ పెడితే సంస్థకు ఎక్కువ ఒనగూడుతుంది?" అన్నది. ఖాళీ అయిన గంట నిజంగా అలాంటి పనికి వెళ్తేనే ఈ తర్కం నిలుస్తుందని కూడా చెప్పాలి. బిల్లింగ్ అప్పగించి, బిల్లింగ్ చేస్తున్న మనిషి వెనకే నిలబడితే రికార్డో కూడా కాపాడలేడు.

నాణ్యత పడిపోతుందన్న భయానికి మందు, "బాగుండాలి" అన్న మాటను కొలవగలిగే మాటగా మార్చడం. ఫిర్యాదుకు 4 గంటల్లో జవాబు వెళ్లాలి, అందులో తర్వాత జరగబోయేది ఏమిటో, ఎప్పటికో ఉండాలి అని రాస్తే, ఉద్యోగికి గమ్యం తెలుస్తుంది. ఆ జవాబులోని వాక్యాలు యజమాని శైలిలో లేకపోవచ్చు. వాటిని దిద్దాలనే కోరికను అణచుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే యజమానికే కష్టమైన భాగం.

అపోహ: నేర్పడానికి పట్టే సమయంలో నేనే చేసేయవచ్చు.

వాస్తవం: ఒక్కసారికైతే నిజం. రోజూ 20 నిమిషాలు పట్టే పనిని నేర్పడానికి 5 గంటలు, అంటే 300 నిమిషాలు పట్టిందనుకుంటే, 15 పనిరోజుల్లో ఆ సమయం తిరిగి వస్తుంది. ఏడాదికి 300 పనిరోజులైతే అదే పని మీద యజమాని పెడుతున్నది 100 గంటలు. ఏడాదికొకసారి వచ్చే పనికి ఈ లెక్క కుదరదు. అలాంటిదాన్ని నిరభ్యంతరంగా మీరే చేసుకోవచ్చు.

అపోహ: అప్పగించిన తర్వాత తనిఖీ చేస్తే నమ్మకం లేనట్టు అవుతుంది.

వాస్తవం: అధికారాన్ని అప్పగించవచ్చు గానీ అంతిమ జవాబుదారీతనాన్ని అప్పగించలేము. పొరపాటు జరిగితే కస్టమరూ, బ్యాంకూ, పన్నుల శాఖా అడిగేది యజమానినే. పని ఇచ్చి చేతులు దులుపుకున్నవారు మూడు నెలల తర్వాత ఏదో ఒక గండం బయటపడగానే ఉన్న అధికారాలన్నీ ఒక్కసారిగా వెనక్కి లాక్కోవడం నేను తరచుగా చూసే దృశ్యం. ఆ తర్వాత ఆ ఉద్యోగి మరేదీ మనసు పెట్టి తీసుకోడు. ఇలా పెత్తనానికీ పట్టించుకోకపోవడానికీ మధ్య ఊగిసలాడటం కంటే, ముందే చెప్పి చేసే తనిఖీ ఎంతో గౌరవప్రదమైనది.

ఎక్కడ తనిఖీ చేయాలన్నది ముఖ్యం. పని పూర్తయ్యాక చూస్తే తిట్టడానికి తప్ప దిద్దడానికి వీలుండదు; అయిదో వంతు పని జరిగినప్పుడు ఒకసారి చూస్తే, దారి తప్పినా పెద్దగా నష్టం లేకుండా మళ్లించవచ్చు. పని స్థిరపడ్డాక ప్రతిదాన్నీ చూడడం మానేసి, నిర్ణీత హద్దు దాటినవాటినే యజమాని ముందుకు తేవాలి. అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1903లోనే వివరించిన మినహాయింపు సూత్రం ఇదే. అలాగే ఒకే మనిషికి అన్ని పనుల్లోనూ ఒకే స్థాయి స్వేచ్ఛ ఇవ్వనక్కరలేదు. సరఫరాదారులతో మాట్లాడటంలో పూర్తి స్వేచ్ఛకు అర్హుడైనవాడికి, జీతాల లెక్కలో ఇంకా పక్కన కూర్చుని చూపించవలసిన అవసరం ఉండవచ్చు.

డబ్బు విషయంలో నేను ఏమాత్రం సడలింపు ఇవ్వను. పేమెంట్ సిద్ధం చేసేవారు ఒకరు, ఆమోదించేవారు మరొకరు కావాలి. పద్దులు రాసే మనిషే బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసే మనిషి కాకూడదు. బ్యాంకుల్లో ఎప్పటినుంచో ఉన్న ఈ పద్ధతి నిజాయితీపరుడైన ఉద్యోగి మీద అనవసరపు అనుమానం పడకుండా కూడా కాపాడుతుంది. దీన్ని అవమానంగా భావించే ఉద్యోగికి ఈ రెండో ప్రయోజనాన్ని వివరించి చెప్పడం యజమాని పని.

అపోహ: చెక్‌లిస్టులు, రాతపూర్వక పద్ధతులు కొత్తవారికే, అనుభవజ్ఞులకు అవసరం లేదు.

వాస్తవం: చెక్‌లిస్టు అవసరాన్ని విమానరంగానికి నేర్పింది అనుభవజ్ఞులు ప్రయాణించిన విమానమే. 1935 అక్టోబరు 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బోయింగ్ మోడల్ 299 విమానం పరీక్షా ప్రయాణంలో పైకి లేచిన కాసేపటికే కూలిపోయింది. నేల మీద ఉన్నప్పుడు తోకభాగపు రెక్కలు గాలికి కదలకుండా బిగించే లాకును తీయడం మరచిపోవడం దానికి కారణం. నడిపినవారు ఆరితేరిన పైలట్లే. ఆ తర్వాత ఆ విమానానికి చెక్‌లిస్టులు తయారయ్యాయి; అదే నమూనా నుంచి వచ్చిన బి-17 బాంబరు విమానం రెండో ప్రపంచ యుద్ధంలో వేల సంఖ్యలో ఎగిరింది.

శస్త్రచికిత్సల సంగతి ఇంకా ఆలోచింపజేసేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన చెక్‌లిస్టును 8 నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్టు 2009లో వెలువడిన అధ్యయనం తెలిపింది. కానీ కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో ఇలాంటి చెక్‌లిస్టుల వాడకాన్ని పరిశీలించిన 2014 నాటి అధ్యయనంలో చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు. పైనుంచి దిగివచ్చిన కాగితం మీద టిక్కు పెట్టడం వేరు, పని చేసేవారు దాన్ని తమదిగా వాడుకోవడం వేరని నేను దీన్ని అర్థం చేసుకుంటాను. అందుకే పద్ధతిని యజమాని రాసి ఇవ్వకూడదంటాను. పని నేర్చుకుంటున్న మనిషి రాయాలి, యజమాని చదివి వదిలిపోయినదాన్ని చెప్పాలి. రాసినదానిలోని ఖాళీలే ఎంతవరకు అర్థమైందో చూపిస్తాయి, వేరే పరీక్ష అక్కరలేదు.

అపోహ: నలుగురైదుగురే ఉన్నచోట ఇంత తతంగం ఎందుకు?

వాస్తవం: నిర్వహణ సలహాదారు గ్రైకునాస్ 1933లో వేసిన లెక్క ప్రకారం, ఒక అధికారి కింద నలుగురు ఉంటే వారి మధ్య ఒక్కొక్కరితోనూ, గుంపులుగానూ ఏర్పడగల సంబంధాలు 44, అయిదుగురైతే 100. అన్ని సంబంధాలూ రోజూ పనిచేయవు కాబట్టి ఆ అంకెను యథాతథంగా పట్టుకోనక్కరలేదు. కానీ ఒక్క మనిషి చేరగానే గందరగోళం రెట్టింపయిందని యజమానులు చెప్పేది భ్రమ కాదు.

అపోహ: మైండ్‌సెట్ మారితే మిగతావన్నీ వాటంతటవే మారతాయి.

వాస్తవం: సామర్థ్యం పుట్టుకతో స్థిరపడినది కాదు, సాధనతో పెరుగుతుందనే నమ్మకాన్ని, అంటే 'గ్రోత్ మైండ్‌సెట్'ను, మనస్తత్వవేత్త కరోల్ డ్వెక్ విస్తృతంగా పరిశోధించి ప్రచారంలోకి తెచ్చారు. విద్యార్థుల మీద జరిగిన అనేక అధ్యయనాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో, ఆ నమ్మకాన్ని పెంచే కార్యక్రమాల ప్రభావం సగటున చాలా స్వల్పమని తేలింది. ఒక రోజు శిక్షణకు వెళ్లి ఉత్సాహంగా తిరిగివచ్చిన యజమాని మర్నాడు పాత పద్ధతిలోనే ఫోన్లు ఎత్తడం చూసినవారికి ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

అలాగని ఆలోచనా ధోరణికి విలువ లేదనడం లేదు. అది ఉపన్యాసంలో కాకుండా, అప్పగించిన పనిలో మొదటి తప్పు దొర్లిన రోజున బయటపడుతుంది. ఆ రోజు యజమాని "ఎవరు చేశారు?" అని అడిగితే మిగతావారంతా ఇకపై ఏ నిర్ణయమూ తీసుకోకుండా, ప్రతిదీ అడిగి చేయడమే క్షేమమని గ్రహిస్తారు. "నీకు అప్పుడు ఏ సమాచారం ఉంది, ఏమి లేకపోయింది?" అని అడిగితే లోపం నియమంలో ఉందో, శిక్షణలో ఉందో, మనిషిలో ఉందో తెలుస్తుంది. ఉద్యోగులు స్వభావరీత్యా పని ఎగ్గొట్టేవారని నమ్మే నిర్వాహకుడు వారిని అలాగే కట్టడి చేస్తాడనీ, ఆ కట్టడే వారిని అలా తయారుచేస్తుందనీ అమెరికన్ నిర్వహణ శాస్త్ర ఆచార్యుడు డగ్లస్ మెక్‌గ్రెగర్ 1960లో వాదించాడు. "వాళ్లకు సొంతంగా ఆలోచించడం రాదు" అని నాతో చెప్పే యజమాని సిబ్బంది నిజంగానే ఆలోచించడం మానేసి ఉంటారు, ఎందుకంటే ఆలోచించి చేసినవాటన్నిటినీ ఆయన తిరగరాశారు.

ఇంకొక లోతైన అడ్డంకి గురించి యజమానులు సాధారణంగా మాట్లాడరు. తాను లేకపోతే ఏదీ కదలదన్న స్థితిలో ఒక తృప్తి ఉంది. ప్రతి ప్రశ్నా తన దగ్గరకే రావడం అలసటనిచ్చినా, తన విలువను రోజుకు పదిసార్లు రుజువు చేస్తుంది. ప్రశ్నలు తగ్గిన మొదటి నెలలో కొందరు యజమానులు అకారణంగా చిరాకుపడటం, పరిష్కారమైపోయిన విషయాల్లో మళ్లీ వేలుపెట్టడం అందువల్లనే. ఆ నెల గురించి ముందే హెచ్చరించడం తప్ప నా దగ్గర వేరే చికిత్స లేదు.

అపోహ: మంచి నాయకుడు అన్నీ అప్పగించేస్తాడు.

వాస్తవం: కొన్ని యజమాని దగ్గరే ఉండాలి. అప్పు తీసుకోవడం, ధరల విధానం, కీలక స్థానాల్లోకి మనుషులను ఎంచుకోవడం, ఎవరినైనా తొలగించవలసి వస్తే ఆ మాట ముఖాముఖి చెప్పడం వీటిలో ముఖ్యమైనవి. ఎవరూ చేయడానికి ఇష్టపడని పనులన్నిటినీ కిందికి నెట్టి, పేరు తెచ్చే పనులను తన దగ్గర ఉంచుకోవడం కూడా అప్పగింత కాదు. సిబ్బంది దాన్ని ఇట్టే పసిగడతారు.

ఎంతవరకు వచ్చారో చూసుకోవాలంటే అయిదు పనిరోజులు ఫోనుకు అందకుండా ఉండి చూడండి. ముందుగా ఒక రోజు, తర్వాత రెండు రోజులు ప్రయత్నించి ఆపైన అయిదుకు వెళ్లడం మంచిది. తిరిగి వచ్చాక ఏ పొరపాట్లు జరిగాయని వెతకడం కంటే, ఏయే నిర్ణయాలు మీ కోసం ఆగిపోయాయో రాసుకోండి. ఆగిపోయిన ప్రతి విషయానికీ దాన్ని నిర్ణయించగల హద్దు ఎవరికి, ఎంతవరకు ఇవ్వాలో ఆ వారంలోనే తేల్చి, నలుగురికీ తెలిసేలా రాసిపెట్టండి.