నల్లా నీళ్లు ఫ్రీ, తాగేది మాత్రం క్యాన్ నీళ్లు

హైదరాబాద్‌లో నల్లా నీళ్లు ఫ్రీ కదా, మరి బస్తీల్లో పొద్దున్నే క్యాన్ల ఆటో ఎందుకు తిరుగుతోంది అని ఊరి నుంచి వచ్చిన చుట్టాలు అడుగుతుంటారు. ఇది ఒక్కరోజులో వచ్చిన అలవాటు కాదు.

1908లో మూసీ వరద నగరాన్ని ముంచేసింది. మళ్లీ అంత నష్టం జరగకూడదని, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వరద ఆపడానికి కట్టినవే ఊరి దాహం కూడా తీర్చాయి. గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ వదలడని ఊరికే అనలేదు. ఇంకో సంగతేంటంటే గండిపేట ఎత్తు మీద ఉంది, నీళ్లు వాటంతటవే పల్లానికి వచ్చేవి, కరెంటు ఖర్చు లేదు.

ఊరు పెరిగింది. మంజీర, సింగూరు జలాశయాల నీళ్లు సరిపోలేదు, 2004లో కృష్ణా నీళ్లు, 2015లో గోదావరి నీళ్లు వచ్చాయి. ఈ రెండూ వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎత్తిపోసుకుంటూ తెచ్చేవి. అంత ఖరీదైన నీళ్లను ఇంతమందికి పంచాలంటే రోజు విడిచి రోజు, అదీ గంటో రెండు గంటలో.

అసలు తంటా ఇక్కడే ఉంది. నీళ్లు వదలనప్పుడు పైపు ఖాళీగా ఉంటుంది, బస్తీలో ఆ పైపు పక్కనే మోరీ. ఎక్కడో చిన్న పగులుంటే చాలు, ఖాళీ పైపు మురుగును లోపలికి లాగేసుకుంటుంది. నీళ్లు వదిలాక ఎవరికి వాళ్లు పైపుకే మోటారు బిగిస్తే ఆ లాగుడు ఇంకా ఎక్కువ, గల్లీ చివరింటికి వచ్చేది గాలే. మొదటి బిందె పారబోసి రెండోది వాసన చూసి పట్టుకోవడం బస్తీ ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2009 మేలో భోలక్‌పూర్‌లో ఇలాగే కలుషితమైన నీళ్లు తాగి పలువురు చనిపోయారు, వందల మంది ఆస్పత్రి పాలయ్యారు.

ఆ భయమే క్యాన్‌కు గిరాకీ తెచ్చింది. గల్లీకో ఆర్వో ప్లాంటు వచ్చింది, చాలావాటికి ఆధారం బోరు నీళ్లే, పరీక్ష చేసేది ఎవరో నాకైతే కనిపించలేదు. నీలం క్యాన్ చూస్తే నమ్మకం, అంతే.

2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నల్లా నీళ్లు ఉచితం చేశారు. ఇరవై లీటర్ల క్యాన్ల లెక్కలో అది వెయ్యి క్యాన్లు. బిల్లు భారం తగ్గింది, నిజమే, పైపు మాత్రం మోరీ పక్కనే ఉంది. రోజుకో క్యాన్, ఇరవై రూపాయలు వేసుకున్నా నెలకు ఆరొందలు, ఇళ్లల్లో పనిచేసే మనిషికి అది ఒక ఇంటి జీతంలో ఎంత భాగమో చూడండి. తమాషా ఏంటంటే నీళ్ల బిల్లు మీద ఉండే ఖాతా నంబర్‌ను కూడా క్యాన్ నంబరే అంటారు.