కాల్పుల విరమణ అనగానే టికెట్ తీసేసుకోకండి

2025 జూన్ 24 పొద్దున్న. నేనింకా కాఫీ తాగుతుండగానే మా బ్రాడీపేట వీధి చివరింటావిడ ఫోన్ పట్టుకుని వచ్చింది. "మాస్టారూ, ఇరాన్, ఇజ్రాయెల్ యుద్ధం ఆగిపోయిందట. అమ్మాయికి రేపటికే టికెట్ తీసేయమని ఏజెంటు ఒకటే ఫోన్లు." అమ్మాయి ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్, అంటే పెద్దవాళ్లను, రోగులను చూసుకునే పని. సెలవుకి వచ్చి ఇక్కడే ఇరుక్కుపోయింది, ఆలస్యమైతే ఉద్యోగం పోతుందని టెన్షన్. మన ప్రభుత్వమేమో ఆపరేషన్ సింధు పేరుతో ఆ రెండు దేశాల్లో ఉన్న మనవాళ్లను అప్పటికింకా వెనక్కి తెస్తూనే ఉంది.

గుంటూరులో లా విద్యార్థులకు అంతర్జాతీయ న్యాయం చెబుతాను కాబట్టి ఎక్కడ యుద్ధం మొదలైనా మా వీధిలో నాకు గిరాకీ పెరుగుతుంది. వచ్చేవాళ్లను విసుక్కోలేను, పిల్లలు అక్కడున్నారు మరి. నా విసుగంతా యుద్ధాల మీద అపోహలు పుట్టించే వాట్సాప్ ఫార్వర్డులు తయారుచేసే వాళ్ల మీదే.

అపోహ: విరమణకు పిలుపు వచ్చింది, ఇక యుద్ధం ఆగినట్టే.

వాస్తవం: మిర్చి యార్డులో రేటు చెప్పడం వేరు, కాటా వేయడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు. ఇదీ అంతే. దేశాలు పిలుపు ఇస్తాయి, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానం చేస్తుంది, కొట్టుకునేవాళ్లు ఒప్పుకోవాలి, ఒప్పుకున్నది అమలు కావాలి. 2024 మార్చి 25న గాజా మీద మండలి 2728వ తీర్మానం చేసింది. రంజాన్ నెలలో వెంటనే కాల్పులు ఆపాలి, అది నిలకడగా సాగే విరమణకు దారితీయాలి అన్నది దాని సారం. మండలిలోని 15 దేశాల్లో 14 అనుకూలంగా ఓటేశాయి, అమెరికా ఓటింగుకు దూరంగా ఉంది. రంజాన్ అయిపోయింది, బాంబులు ఆగలేదు. ఆ తర్వాత విరమణ అమల్లోకి వచ్చింది 2025 జనవరి 19న, అంటే దాదాపు పది నెలలకు. అదీ మార్చి 18 వేకువన వైమానిక దాడులతో చెదిరిపోయింది.

"నిలకడ", "శాశ్వత" అన్న మాటలు చూసి మురిసిపోకండి. కొరియాలో 1953 జూలై 27న విరమణ మీద సంతకాలయ్యాయి, శాంతి ఒప్పందం ఇవాళ్టికీ లేదు. 1907 నాటి హేగ్ యుద్ధ నిబంధనల ప్రకారం, గడువు రాయని విరమణను ఏ పక్షమైనా ముందు హెచ్చరించి ముగించవచ్చు. అందుకే నేను అడిగేవి నాలుగే: ఒప్పుకున్నదెవరు? ఏ గంట నుంచి? ఏ ప్రాంతంలో? తప్పితే పట్టుకునేదెవరు? నాలుగింటికీ జవాబు లేకపోతే అది వార్తే తప్ప విరమణ కాదు.

ఇంత చెప్పే నేనే ఓసారి బోల్తా పడ్డాను. 2025 మే 10 సాయంత్రం, 5 గంటల నుంచి భారత్, పాకిస్తాన్ కాల్పులు ఆపుతున్నాయని మన విదేశాంగ కార్యదర్శి ప్రకటించారు. మా మేనల్లుడు జమ్మూలో చదువుతున్నాడు, మర్నాడు ఢిల్లీకి రైలు. "ఇంకేం భయం లేదక్కా, పరీక్షలున్నాయి కదా, టికెట్ క్యాన్సిల్ చేయించు" అన్నాను. ఆ రాత్రే శ్రీనగర్‌లో పేలుడు శబ్దాలు, జమ్మూలో బ్లాకౌట్. మా అక్క ఫోన్ చేసి "నువ్వే కదరా చెప్పావు" అని ఒక్క మాటే అంది. తర్వాత సద్దుమణిగింది, వాడికేమీ కాలేదు. ఆ రాత్రి మాత్రం మా ఇంట్లో ఎవరం పడుకోలేదు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"వీటో పడితే ఐక్యరాజ్యసమితి పని అయిపోయినట్టే." వీటో అంటే మండలిలోని ఐదు శాశ్వత సభ్యదేశాల్లో ఒకటి అడ్డుపడి తీర్మానాన్ని ఆపేయడం. అయినా పని అయిపోదు, విషయం అన్ని సభ్యదేశాలూ ఉండే జనరల్ అసెంబ్లీకి వెళ్లొచ్చు. 2023 డిసెంబరు 12న గాజాలో కాల్పులు ఆపాలని 153 దేశాలు ఓటేశాయి, అందులో మనమూ ఉన్నాం. కాకపోతే ఆ తీర్మానానికి కట్టుబడి తీరాలని లేదు.

"విరమణ ఉంటేనే పౌరులకు రక్షణ." పూర్తిగా తలకిందులు. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం పుట్టిందే యుద్ధం నడుస్తున్నప్పుడు పౌరులను కాపాడటానికి. మన దేశంలో 1960లోనే దానికి చట్టం కూడా చేశారు.

"కారిడార్ (పౌరులు బయటపడటానికి ఒప్పుకున్న దారి) తెరిచారంటే దారి క్లియర్." అదీ కాదు. ఉక్రెయిన్‌లోని సుమీలో మన విద్యార్థులను 2022 మార్చి 7న బస్సులెక్కించి మళ్లీ దించేశారు. దాదాపు 700 మంది బయటపడింది 8న.

ఇక ఆవిడ సంగతి. అమ్మాయి ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం ఫోన్‌లోనే తెరిపించాను. మినహాయింపుల జాబితాలో యుద్ధం ఉంది, అంటే యుద్ధం వల్ల నష్టమైతే ఇన్సూరెన్స్ డబ్బు రాదు. ఏజెంటు ఆ ముక్క చెప్పనే లేదు. "మన ఎంబసీ అడ్వైజరీ చూడండమ్మా, అది మారేదాకా ఆగండి. ఈలోపు యజమానితో అమ్మాయినే మాట్లాడమనండి" అన్నాను. అక్కడే కూర్చుని కూతురికి ఫోన్ కలిపింది. సాయంత్రానికి జవాబొచ్చింది: పరిస్థితి కుదుటపడ్డాకే రమ్మన్నారట. ఉద్యోగం పోతుందన్న మాట వాళ్ల నోట రానేలేదట.