పెదవి తిమ్మిరెక్కితే బలం వచ్చినట్టు కాదు: ట్రంపెట్ సాధకంలో అపోహలు - వాస్తవాలు

పోయిన ఆదివారం మళ్లీ అదే కథ. పదిహేనేళ్ల కుర్రాడు పై పెదవి మీద ఎర్రటి ముద్రతో వచ్చాడు. "మాస్టారూ, రోజూ గంటసేపు లాంగ్ టోన్లు, అంటే ఒక్కో స్వరాన్నే నిలిపి, ఊదుతున్నాను. పెదవి తిమ్మిరెక్కేదాకా ఆపడం లేదు. అయినా పైన జి స్వరం రావడం లేదు, పోయిన నెల వచ్చిన ఇ కూడా పోయింది" అన్నాడు. తిమ్మిరి సంగతి మాత్రం కాస్త గర్వంగానే చెప్పాడు, పాపం. నొప్పి పుడితేనే కండ పెరుగుతుందని ఎవరో చెప్పారట. ఆ ఎవరో ఎదురుపడితే ముందు వాళ్ల ట్రంపెట్ లాక్కోవాలని నాకు చాలా ఏళ్లుగా కోరిక.

అపోహ: అలిసిపోయేదాకా, గట్టిగా ఊదితేనే పెదవికి బలం, పై స్వరాలు.

ఇంతకన్నా ఎక్కువ మందిని చెడగొట్టిన మాట మా విద్యలో లేదు. మామూలు బి-ఫ్లాట్ ట్రంపెట్‌లో వేళ్ల కింది వాల్వులేవీ నొక్కకుండా ఊదే మధ్య సి స్వరానికి పెదవులు సెకనుకు సుమారు 233 సార్లు కంపిస్తాయి. దాని పై సి స్వరానికి 466 సార్లు. అంత వేగంగా ఆడాలంటే పెదవుల మధ్య భాగం స్వేచ్ఛగా ఉండాలి, మూతి మూలలు గట్టిగా పట్టుకోవాలి, వెనక నుంచి గాలి తగ్గకుండా రావాలి. మూతి చుట్టూ ఉండే కండరం అలిసిపోగానే ఏమవుతుంది? స్వరం ఆగకూడదు కాబట్టి, మనకు తెలియకుండానే చెయ్యి ట్రంపెట్‌ను మొహం మీదికి లాగుతుంది. పెదవికి ఆనించే మౌత్‌పీస్ అంచుకూ పళ్లకూ మధ్య పెదవి నలుగుతుంది, అక్కడ రక్తం ఆడదు. మీరు బలం అనుకుంటున్న తిమ్మిరి అదే. మర్నాడు పెదవి వాచి, మందంగా, మొద్దుగా ఉంటుంది. అంటే మా కుర్రాడి గంటలో మొదటి పది నిమిషాలు మూతికి సాధకం, మిగతా యాభై నిమిషాలు మోచేతికి.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. ఇరవై రెండేళ్ల వయసులో పెళ్లిళ్ల రోజుల్లో ఒక బ్యాండు మేళంలో వాయించేవాణ్ని. వరసగా మూడు రాత్రులు ఊరేగింపులు. పక్కన డోళ్లు, వెనక జనరేటరు, మన స్వరం మనకే వినపడదు. వినపడకపోతే ఇంకా నొక్కుతాం. మూడో రాత్రి విడిది ఇంటి ముందు పాట పై చరణం ఎత్తుకునేసరికి ట్రంపెట్ గరాటు మూతి లోంచి ఉత్త గాలి వచ్చింది. నాలుకకు ఉప్పగా రక్తం తగిలింది. పక్కనున్న క్లారినెట్ ఆయన చరణం అందుకుని పరువు కాపాడాడు. మర్నాడు మా మేళంలోనే ఉన్న పెద్దాయన, సైనిక బ్యాండులో పనిచేసి వచ్చిన మనిషి, నా మూతి చూసి ఒకే ప్రశ్న అడిగాడు: "బాబూ, ఊదేది నోటితోనా, చేత్తోనా?" తర్వాత నా కుడి చిటికెన వేలిని ట్రంపెట్ మీది కొక్కెంలోంచి బయటికి తీశాడు. ఆ కొక్కెం పేజీ తిప్పేటప్పుడు ట్రంపెట్ పట్టుకోవడానికి పనికొస్తుంది. మనం దాన్ని లాగుడు తాడు చేసుకుంటాం. వేలు తీసి ఊదితే నా పై స్వరాలు సగం మాయమయ్యాయి. అవి నావి కావు, చిటికెన వేలివి.

అమెరికా జాజ్ ట్రంపెట్ దిగ్గజం లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడే పెదవి గాయాలతో 1930ల్లో కొంతకాలం ట్రంపెట్ పక్కన పెట్టాల్సి వచ్చింది. డ్యూక్ ఎల్లింగ్టన్ జాజ్ బృందంలో ఆకాశాన్నంటే స్వరాలకు పేరుపడ్డ క్యాట్ ఆండర్సన్ శిష్యులకు చెప్పిన సాధకం ఏమిటో తెలుసా? స్వరలిపిలో కింది నుంచి రెండో గీత మీది జి (మధ్య జి), ఇరవై నిమిషాలు, గుసగుసంత మెల్లగా.

లాంగ్ టోన్ అంటే అదీ. ఆ మధ్య జి తోనే మొదలుపెట్టండి. నాలుక కొట్టకుండా, "హూ" అన్నట్టు గాలితోనే స్వరం పుట్టించండి. ముందు బుసబుస గాలి వచ్చి తర్వాత స్వరం పలికితే, పెదవి బిగుసుకుందని అర్థం. అప్పుడు మెత్తబరచుకోవాలి తప్ప గట్టిగా ఊదకూడదు. పది పన్నెండు సెకన్లు, వణుకు లేకుండా. తర్వాత ఎంతసేపు ఊదితే అంతసేపు విశ్రాంతి. మౌత్‌పీస్ పెదవి నుంచి తీసేయాలి. అర్ధస్వరం చొప్పున కింది ఎఫ్-షార్ప్ దాకా దిగి, మళ్లీ జి నుంచి పైకి. మెల్లగా పలకని చోటే ఆ రోజుకు మీ హద్దు. పావుగంట చాలు. చిటికెన వేలు కొక్కెం పైనే ఉండాలి.

పెళ్లిళ్ల తర్వాత పై స్వరాలు పోయాయని కంగారుపడి వచ్చేవాళ్లకు, వచ్చే నెలలో పోలీసు బ్యాండు పరీక్ష ఉందని నిద్రపోని వాళ్లకు ఒక మాట: చాలావరకు అది వాపే. రెండు రోజులు పెట్టె మూత తీయకండి, తర్వాత కింది స్వరాలతో మెల్లగా మొదలుపెట్టండి. చీలిక మానకపోయినా, వారాలు గడిచినా పెదవి మాట వినకపోయినా డాక్టరుకు చూపించండి.

మిగతావి గబగబా. చిన్న మౌత్‌పీస్ కొంటే పై స్వరాలు రావు. ఉన్న స్వరాలు కాస్త పదునుగా వినిపిస్తాయి, అంతే. లావు పెదవులు అడ్డం కావు. బుగ్గలు పొంగించడానికి బుగ్గలు పొంగించి ఊదిన జాజ్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీని సాక్ష్యం తేకండి, ఆయన ఒక్కడే. నెయ్యి రాస్తే పగుళ్లు తగ్గుతాయేమో, ఊదే ముందు రాస్తే మౌత్‌పీస్ జారుతుంది. ఇక లాంగ్ టోన్లు ఒక్కటే చాలవు: వాల్వు మార్చకుండా స్వరం నుంచి స్వరానికి జారే లిప్ స్లర్లు లేకపోతే తార స్థాయికి దారి తెలియదు.

మా కుర్రాణ్ని వారం పాటు మధ్య జి దాటవద్దన్నాను. మొహం ముడుచుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర చిటికెన వేలు పైకి లేపి చూపించాడు.